గోల్కొండ–మొగలు కాగితాలు: తారీఖు దగ్గర మొదలుపెట్టి చదవడం

గోల్కొండ కోట ఔరంగజేబు చేతికి చిక్కింది ఎప్పుడు? మనం చదువుకున్న పుస్తకాలు ఎక్కువగా 1687 సెప్టెంబరు 21 అంటాయి. మొగలు దర్బారు చరిత్రలో అది హిజ్రీ 1098 జిల్‌ఖాద 24. అదే రోజును మచిలీపట్నం డచ్చి వర్తకుల లెక్కలో వేస్తే అక్టోబరు 1 అవుతుంది. మన పంచాంగంలో చూస్తే ప్రభవ నామ సంవత్సరం, భాద్రపద బహుళం. ఈ నాలుగూ ఒకే రోజు. ఈ సంగతి తెలియకుండా డచ్చి ఉత్తరాన్నీ ఇంగ్లీషు ఉత్తరాన్నీ పక్కపక్కన పెడితే, ముందు రాసింది వెనక్కీ, వెనక రాసింది ముందుకీ పోతాయి. ఆ వరస మీద ఎంత విశ్లేషణ కట్టినా నిలవదు.

రెండు రాజ్యాల మధ్య సంబంధాన్ని మూల పత్రాల నుంచి చదవాలనుకునేవాళ్ళు సంధి షరతుల మీద పడతారు. షరతులు చివర్లో చదవాల్సినవి. ముందు తారీఖు, తర్వాత ఎవరు ఎవరికి ఏ రకం కాగితం రాశారు, ఆ తర్వాత డబ్బు ఏ నాణెంలో లెక్కకట్టారు. ఈ మూడూ తేలాక షరతులు చదివితే వాటి అర్థం మారిపోతుంది. దీనికి 1636 నుంచి 1687 దాకా గోల్కొండకూ మొగలులకూ నడిచిన వ్యవహారం కంటే మంచి పాఠం మనకు దొరకదు. కాగితాలు ఫారసీలో, తెలుగులో, డచ్చిలో, ఇంగ్లీషులో ఉన్నాయి. వెనకాల ఇరాను సఫవీ షా నీడ కూడా ఉంది.

తారీఖు తేల్చడం

పదిహేడో శతాబ్దంలో ఇంగ్లీషువాళ్ళు పాత జూలియన్ లెక్క వాడేవారు. అది కొత్త గ్రెగోరియన్ లెక్క కంటే 10 రోజులు వెనక. 1700 నుంచి తేడా 11 రోజులైంది. 1752లో గానీ వాళ్ళు మారలేదు. హాలండు 1583 నాటికే కొత్త లెక్కకు వచ్చేసింది కాబట్టి డచ్చి కంపెనీ కాగితాలకు ఈ బెడద లేదు. ఇంగ్లీషు కాగితాల్లో ఇంకో చిక్కు ఉంది. వాళ్ళ సంవత్సరం మార్చి 25న మారేది. కాబట్టి జనవరి, ఫిబ్రవరి, మార్చి 24 దాకా రాసిన ఉత్తరం మీద పాత సంవత్సరమే ఉంటుంది. 1656 మొదట్లో ఔరంగజేబు కొడుకు మహమ్మద్ సుల్తాన్ సేన హైదరాబాదులో జొరబడింది. ఆ వారాల్లో రాసిన ఇంగ్లీషు ఉత్తరం మీద 1655 అని కనిపిస్తే అది తప్పు కాదు, వాళ్ళ లెక్కే అంత. మన లెక్కలోనూ ఉగాది ఇంకా రాలేదు గనుక అది మన్మథ. దుర్ముఖి తర్వాత వచ్చింది. హిజ్రీలో 1066. అక్కన్న మాదన్నల హత్య 1686 మార్చిలో జరిగింది. ఆ నెల ఇంగ్లీషు కాగితాలు చూసేటప్పుడు సంవత్సరం దగ్గర తప్పకుండా ఆగాలి.

నోటు పుస్తకంలో తారీఖును మార్చి రాయకండి. కాగితం మీద ఎలా ఉందో అలా ఒక గడిలో, మార్చినది పక్క గడిలో రాయండి. ఆరు నెలలు పోయాక ‘సెప్టెంబరు 21’ అని మీ రాతే మీకు కనిపిస్తే, అది మార్చినదా, మార్చనిదా అన్నది మీకే గుర్తుండదు.

హిజ్రీని మార్చడానికి పట్టికలున్నాయి, కంప్యూటరు సాధనాలున్నాయి. అన్నీ సగటు లెక్కలే. నెలవంక కనిపించిన రోజును బట్టి అసలు తేదీ ఒక రోజు అటూ ఇటూ పోతుంది. దీన్ని సరిచూడడానికి తెలుగువాళ్ళ చేతిలో ఒక మంచి సాధనం ఉంది. హిజ్రీ తారీఖూ మన తిథీ రెండూ చంద్రుణ్ణి పట్టుకునే నడుస్తాయి. నెలవంక సాధారణంగా శుక్ల విదియ నాటి సాయంత్రం కనిపిస్తుంది కాబట్టి, తారీఖుకు ఒకటి కలిపితే ఇంచుమించు తిథి వస్తుంది. జిల్‌ఖాద 24 అంటే ఇరవై అయిదో తిథి, బహుళ దశమి దగ్గర. శాసనంలోనో, ఊరి చరిత్ర రాసిన కైఫియత్తులోనో అదే సంఘటనకు శుక్ల పంచమి అని ఉంటే, రెండింట్లో ఒకటి తప్పు, లేదా రెండూ వేరే సంఘటనలు.

అన్నిటికంటే గట్టి ఆధారం వారం. పంచాంగాలు ఎన్ని మారినా బుధవారం బుధవారమే. 1687 సెప్టెంబరు 21 పాత లెక్కలో బుధవారం, అక్టోబరు 1 కొత్త లెక్కలో బుధవారం. అయితే ఇందులోనూ ఒక మెలిక ఉంది. కోట తలుపు తెరుచుకున్నది తెల్లవారుజామున మూడు గంటల ప్రాంతంలో. యూరపువాళ్ళకు అర్ధరాత్రి నుంచి బుధవారం. ముస్లిం లెక్కలో ముందటి సాయంత్రం సూర్యుడు గుంకినప్పటి నుంచే బుధవారం. మనకు సూర్యోదయం కాలేదు కాబట్టి ఇంకా మంగళవారం రాత్రే. రాత్రిపూట జరిగిన సంగతికి వారం ఒకటి తేడా వస్తే ఏ కాగితాన్నీ కొట్టిపారేయకండి. ముందు వేళ చూడండి.

ఇక జులూసు సంవత్సరం, అంటే పట్టాభిషేకం నుంచి లెక్కించేది. ఔరంగజేబుకు రెండు పట్టాభిషేకాలు జరిగాయి, ఒకటి 1658లో, ఇంకోటి 1659లో. లెక్క మాత్రం ఆ రెండు రోజుల్లో దేన్నుంచీ కాదు, హిజ్రీ 1068 రంజాన్ 1 నుంచి. కాబట్టి ప్రతి రంజాన్ 1న జులూసు మారుతుంది, ముహర్రం 1న హిజ్రీ సంవత్సరం మారుతుంది. జులూసు 31, జిల్‌ఖాద అని మాత్రమే ఉన్న కాగితం 1098లో పడుతుంది. జులూసు 31, సఫర్ అని ఉంటే 1099లో పడుతుంది. సంవత్సరం చిరిగిపోయిన కాగితాలను చాలావరకు ఇలాగే నిలబెట్టుకోవచ్చు. రెవెన్యూ కాగితాల్లో ఫసలీ, అంటే శిస్తు లెక్కల సంవత్సరం, కనిపిస్తే 590 కలపండి, అది ఇంచుమించు మన క్రీస్తు శకం.

ఎక్కడ ఏముంటుంది

హైదరాబాదు తార్నాకలోని రాష్ట్ర పురాలేఖాగారంలో షాజహాను, ఔరంగజేబుల కాలపు మొగలు కాగితాలు లక్షన్నరకు పైగా ఉన్నాయి. ఎక్కువ భాగం ఔరంగజేబు కాలానివి. దక్కన్ సుబాల దఫ్తరం ఔరంగాబాదులో ఉండేది; అక్కడి నుంచి హైదరాబాదు చేరాయి. ఢిల్లీ మొగలు కేంద్ర దఫ్తరం అలా మిగల్లేదు, ఇరాను సఫవీ దఫ్తరాలదీ అదే గతి. అందుకే ఈ కట్టల విలువ అంత.

అయితే తార్నాక వెళ్ళి షాజహాను గోల్కొండ రాజు అబ్దుల్లా కుతుబ్‌షాకు రాసిన ఉత్తరం అడిగితే నిరాశే. అక్కడున్నవి పాలన కాగితాలు. సిపాయి పేరు, తండ్రి పేరు, వయసు, ముఖం మీద మచ్చలు, గుర్రం రంగు, దాని మీద వేసిన దాగు (వాత ముద్ర), అన్నీ రాసిన అర్జొ చెహ్రాలు. జీతం ముట్టినట్టు రసీదులు. రోజువారీ దర్బారు సియాహాలు, అంటే చిట్టాలు. పర్వానాలు, దస్తకులు (అనుమతి చీటీలు), యాద్దాస్తులు (జ్ఞాపక పత్రాలు). చాలామంది వీటిని ‘చిన్న కాగితాలు’ అని దాటేస్తారు. నా ఉద్దేశంలో సంబంధం బరువు తెలిసేది వీటిలోనే. ఏ కోటలో ఎంతమంది ఉన్నారు, వాళ్ళ జీతం ఏ పరగణా మీద పడింది, అది ఎన్ని నెలలు ఆగింది అన్నది తెలిస్తే, సంధి పత్రంలో ఉన్న ‘రక్షణ’ అనే మాటకు ఒళ్ళు వస్తుంది.

రాజు నుంచి రాజుకు వెళ్ళిన ఉత్తరాలు ఎక్కువగా నకళ్ళ రూపంలో దొరుకుతాయి. 1636 నాటి ఒడంబడిక పాఠం అబ్దుల్ హమీద్ లాహోరీ రాసిన షాజహాను దర్బారు చరిత్రలో ఉంది. ఔరంగజేబు యువరాజుగా రాసిన ఉత్తరాలు ‘ఆదాబె ఆలంగీరీ’ అనే సంకలనంలో ఉన్నాయి. అవి రాసిన మున్షీ, అంటే లేఖకుడు, అబుల్ ఫత్ ఖాబిల్ ఖాన్. చాలా ఏళ్ళ తర్వాత అంబాలాకు చెందిన సాదిక్ వాటిని కూర్చాడు. మున్షీలు ఇలాంటి సంకలనాలను రచనకు నమూనాలుగా చూసేవారు. అందుకని తారీఖు చాలాచోట్ల కొట్టేశారు, కొన్నిచోట్ల పేరు బదులు ‘ఫలానా’ అని పెట్టారు. ఉత్తరంలో ప్రస్తావించిన ఇంకో సంఘటనను పట్టుకుని దాని వరస తేల్చుకోవాలి.

డచ్చి కంపెనీ దఫ్తరం హేగ్‌లో ఉంది. దాని సంచిక సంఖ్య 1.04.02. అరలు వరసగా పెడితే దాదాపు 1,200 మీటర్లు. ఇంట్లో కూర్చునే చూడొచ్చు. దాదాపు 50 లక్షల పేజీలను యంత్రంతో చదివించి వెతకడానికి వీలుగా పెట్టారు. ఇంగ్లీషు కంపెనీ కాగితాలు లండన్ బ్రిటిష్ లైబ్రరీలో ఉన్నాయి. భారతదేశం నుంచి వెళ్ళిన మూల ఉత్తరాల వరస ఈ/3, మద్రాసు కోట కాగితాలు జీ/19. మద్రాసు కోట సంప్రదింపుల పుస్తకాలు అచ్చులో కూడా వచ్చాయి. చెన్నైలో ఉన్న డచ్చి కాగితాలు ఎక్కువగా కొచ్చిన్ వైపువి. కోరమాండల్ కోసం అక్కడికి వెళ్తే రోజులు వృథా. మెకంజీ కైఫియత్తులు చెన్నై ప్రాచ్య లిఖిత గ్రంథాలయంలో ఉన్నాయి.

కాగితం పై పై చూపు

లోపలి మాట చదివే ముందు అది ఏ రకం కాగితమో తేల్చాలి. పాదుషా రాస్తే ఫర్మానా. యువరాజు రాస్తే నిషాన్. అధికారి రాస్తే పర్వానా. పాదుషా ఆజ్ఞ ప్రకారం మంత్రి రాస్తే హస్బుల్ హుకుం. కింది నుంచి పైకి వెళ్ళేది అర్జ్‌దాస్తు. మనం రోజూ వాడే ‘అర్జీ పెట్టుకోవడం’ అక్కణ్ణించి వచ్చిందే. సమానుడు సమానుడికి రాసేది నామా.

ఇప్పుడు మన మూడు రాజ్యాలనూ ఈ లెక్కలో పెట్టి చూడండి. మొగలు పాదుషా ఇరాను షాకు రాసేది నామా, షా జవాబూ నామాయే. షాజహాను అబ్దుల్లాకు పంపేది ఫర్మానా, అబ్దుల్లా పంపేది అర్జ్‌దాస్తు. 1636 ఒడంబడికను గోల్కొండ వైపు నుంచి ‘ఇన్‌ఖియాద్‌నామా’ అన్నారు, అంటే లొంగుబాటు పత్రం. మొగలు కాగితాలు గోల్కొండ రాజును ‘కుతుబ్‌షా’ అని పిలవవు. ‘కుతుబుల్ ముల్క్’ అంటాయి. బహమనీల కొలువులో ఒక అమీరుకు ఇచ్చే బిరుదు అది. బీజాపూరు వాళ్ళనూ ‘ఆదిల్ ఖాన్’ అంటారు. ఆ ఒక్క ‘షా’ మాట తీసేయడంతో నూట పాతికేళ్ళ రాజరికాన్ని ఉద్యోగంగా మార్చేశారు. కాబట్టి ఫారసీ నుంచి తెలుగులోకి ఎత్తి రాసుకునేటప్పుడు ‘కుతుబుల్ ముల్క్’ ఉన్న చోట సులువుగా ‘కుతుబ్‌షా’ అని రాసేస్తే పప్పులో కాలేసినట్టే. ఉన్న సాక్ష్యాన్ని మన చేత్తోనే చెరిపేసినట్టు.

తర్వాత మోహరు. షాజహాను పెద్ద మోహరులో నడుమ ఒక వృత్తంలో ఆయన పేరు, చుట్టూ చిన్న వృత్తాల్లో తైమూరు దాకా తాతముత్తాతల పేర్లు. అధికారుల మోహరులు చిన్నవి. పేరు, బిరుదు, ఒక సంవత్సరం ఉంటాయి. ఆ సంవత్సరం దగ్గరే కొత్తవాళ్ళు పొరపడతారు. అది మోహరు చెక్కించిన ఏడు, కాగితం రాసిన ఏడు కాదు. బిరుదు వచ్చినప్పుడు చెక్కించిన మోహరును అయిదారేళ్ళు వాడేవారు. మోహరు మీద 1090 ఉంటే కాగితం 1090 తర్వాతది అని మాత్రమే చెప్పగలం. దానికంటే ముందటి తారీఖు కాగితం మీద ఉంటే మాత్రం అనుమానించాల్సిందే.

కాగితం వెనక్కి తిప్పి చూడడం మరవకండి. ఏ దఫ్తరంలో నమోదైంది, ఏ రోజు, ఎవరి చేతి మీదుగా వెళ్ళింది అన్న చిన్న చిన్న రాతలూ మోహరులూ వెనకే ఉంటాయి. అచ్చు సంకలనాలు చాలావరకు ఆ భాగాన్ని వదిలేస్తాయి. ఫోటో తీసుకునే అనుమతి ఉంటే ముందూ వెనకా రెండూ తీయాలి. కట్ట సంఖ్య రాసిన చీటీ ప్రతి ఫోటోలోనూ కనిపించాలి, పక్కన ఒక స్కేలు పెట్టాలి. సంఖ్య లేని ఫోటో ఎంత బాగున్నా రేపు ఎక్కడిదో చెప్పలేం. పెన్ను లోపలికి రానివ్వరు, పెన్సిలే. ముడతను వేలితో సాపు చేయొద్దు; మడతలో విరిగే కాగితం అది. సిబ్బందిని అడిగితే వాళ్ళు తెరిచి పెడతారు.

హొన్ను లెక్క

1636లో ఏం కుదిరింది? గోల్కొండలో శుక్రవారం ఖుత్బాలో (నమాజు ప్రసంగంలో) పన్నెండుమంది ఇమాములనూ ఇరాను షా పేరునూ తీసేసి, నలుగురు ఖలీఫాల పేర్లూ షాజహాను పేరూ చదవాలి. నాణేలు షాజహాను పేరు మీద పడాలి. ఏటా 2 లక్షల హొన్నుల పేష్‌కష్, అంటే కప్పం, కట్టాలి. మొగలు రాయబారి అబ్దుల్ లతీఫ్ గోల్కొండ వచ్చి ఇది జరిపించాడు.

ఖుత్బా షరతు గురించి అందరూ రాస్తారు. అది దక్కన్‌లో ఇరాను చేతిని నరకడానికేనని తేలిగ్గానే తెలుస్తుంది. ఇరవై ఏళ్ళ తర్వాత యుద్ధానికి సాకుల్లో ఒకటైంది మాత్రం మూడోది, అదీ నాణెం మారకం రేటు వల్ల. ఇది కాస్త నిదానంగా చూడాలి.

హొన్ను బంగారు నాణెం, దాదాపు 3.4 గ్రాములు. 2 లక్షలంటే దాదాపు 680 కిలోల నాణేలు. 1636లో హొన్నుకు 4 రూపాయలు, కాబట్టి 8 లక్షల రూపాయలు. గోల్కొండ ఏటా ఆ 8 లక్షలు రూపాయల్లోనే కడుతూ వచ్చింది. ఈలోగా హొన్ను ధర పెరిగి నాలుగున్నరకూ, ఆ తర్వాత 5 రూపాయలకూ వెళ్ళింది. 5 రూపాయల రేటున 8 లక్షల రూపాయలంటే 1,60,000 హొన్నులే. ఏడాదికి 40,000 హొన్నులు తక్కువ. ఔరంగజేబు రెండోసారి దక్కన్ సుబేదారుగా వచ్చాక ఈ తేడాను వెనకటి ఏళ్ళన్నిటికీ కలిపి దాదాపు 20 లక్షల రూపాయలు బాకీ అన్నాడు. గోల్కొండ లెక్క ప్రకారం బాకీ పైసా లేదు. ఒడంబడికలో రాసింది హొన్నుల్లో, కట్టింది రూపాయల్లో. రెండు దఫ్తరాలూ తమ తమ పుస్తకాల్లో నిజాయితీగానే లెక్క రాసుకున్నాయి.

ఇప్పటి పరిశోధకుడు సౌకర్యం కోసం అన్ని మొత్తాలనూ ఒకే రేటున రూపాయల్లోకి మార్చి పట్టిక వేసుకుంటే, ఈ తగాదా ఆ పట్టికలో మాయమైపోతుంది. నాణెం పేరు, మొత్తం, ఆ కాగితం ఇచ్చిన రేటు, ఊరు, తారీఖు, ఈ అయిదూ విడివిడిగా ఉంచండి. రేటు ఇవ్వకపోతే ఆ గడి ఖాళీగా వదలండి, పక్క ఏడాది రేటు తెచ్చి నింపకండి.

ఫారసీ లెక్కల కాగితాల్లో అంకెలు సియాఖ్‌లో ఉంటాయి. అవి అరబ్బీ సంఖ్యా పదాలను కుదించి గీసిన గుర్తులు. సున్నా లేదు, స్థాన విలువ లేదు. ఒక కొక్కెం వంపు తప్పుగా చూస్తే వంద కాస్తా వేయి అవుతుంది. చదువు సరిచూసుకోవడానికి రాసినవాళ్ళే ఒక దారి పెట్టారు. పత్రాల్లో మొత్తం రాసి, వెంటనే దాని సగం ఇంత అని మళ్ళీ రాసేవారు: ‘వెయ్యి రూపాయలు, సగం అయిదు వందలు.’ ఎవరూ దిద్దకుండా చేసిన ఏర్పాటు అది. ‘నిస్ఫ్’ అన్న మాట కనిపించిన చోట ముందు సగం చదివి, రెట్టింపు చేసి, అప్పుడు మొత్తం చదవండి. రెండూ కలవకపోతే మీ చదువు తప్పు. రాత షికస్తాలో, అంటే గొలుసుకట్టు ఫారసీలో, ఉంటే చుక్కలు ఉండవు, కలవకూడని అక్షరాలు కలిసిపోతాయి. బ, ప, త, న నాలుగూ ఒకేలా కనిపిస్తాయి. తెలుగు ఊరి పేర్లలోని ట, డ, ణ, ళ తేడా ఆ రాతలో మొదలే లేదు. ఊరి పేరు ఒంటరిగా చదవొద్దు. ముందు సర్కారు (జిల్లా లాంటిది), తర్వాత దానిలోని పరగణా తేల్చుకుని, ఆ పరగణాలోని ఊళ్ళ జాబితాతో పోల్చాలి.

వలందావాళ్ళ ఉత్తరాలు

వలందావాళ్ళంటే డచ్చివాళ్ళే. మచిలీపట్నంలో వలందపాలెం, ఇంగ్లీషుపాలెం, పరాసుపేట అన్న పేర్లు ఇప్పటికీ ఉన్నాయి. డచ్చి ఉత్తరం నడిచే దారి ఇదీ: మచిలీపట్నం కొఠీ (వర్తక స్థావరం) నుంచి పులికాట్‌కు, పులికాట్ నుంచి బటావియాకు (ఇప్పటి జకార్తా), బటావియా నుంచి హాలండుకు. 1690లో కోరమాండల్ ముఖ్య కార్యాలయం నాగపట్నానికి మారింది. ప్రతి మజిలీలో సంగతి కుదించుకుపోతుంది. హవల్దారుతో (రేవు అధికారితో) సుంకం గురించి జరిగిన పది రోజుల బేరం కొఠీ ఉత్తరంలో మూడు పేజీలుంటే, బటావియా నుంచి వెళ్ళే సాధారణ నివేదికలో ఒక వాక్యంగా మిగలొచ్చు. అచ్చయి సులువుగా దొరికేది ఆ నివేదికే. అందులో సంగతి ఉందని తెలుసుకుని, వెనక్కి నడిచి కొఠీ ఉత్తరం పట్టుకోవాలి. నివేదిక మీద ఆగిపోయినవాళ్ళకు బటావియా ఏం అనుకుందో తెలుస్తుంది, గోల్కొండలో ఏం జరిగిందో తెలియదు.

యంత్రం చదివిన పేజీల్లో వెతికేటప్పుడు మన స్పెల్లింగు పనికిరాదు. పాలకొల్లు అక్కడ ‘పాలికోల్’, ద్రాక్షారామం ‘దాట్జెరోం’, ఖమ్మం వైపు నాగులవంచ ‘నాగెల్‌వాన్జే’, నిజాంపట్నం ‘పెటపోలి’, పులికాట్ ‘పల్లియాకట్టా’. ఒక్కో పేరుకు అయిదారు రూపాలు రాసుకుని అన్నిటితోనూ వెతకాలి. యంత్రం ఎస్‌ను ఎఫ్‌గా చదవడం మామూలే. ఇంగ్లీషు కాగితాల్లో ‘జెంటూ’ అన్నది ఒకచోట హిందువు, ఇంకోచోట తెలుగు భాష. ‘జెంటూ ఉత్తరం’ అంటే తెలుగులో రాసిన ఉత్తరం. ఈ మాట కనిపిస్తే గీత గీసుకోండి. మూలం తెలుగులో ఉండేదన్నమాట.

వర్తకుల కాగితాలను నమ్మడానికీ నమ్మకపోవడానికీ ఒక కొలత ఉంది. ధర, ఓడ వచ్చిన రోజు, అధికారి మారిన సంగతి, వీటిలో వాళ్ళు గట్టి సాక్షులు. తప్పు రాస్తే వాళ్ళకే నష్టం. రాజు మనసులో ఏముందన్నది మాత్రం బజారు మాట. 1686లో డచ్చివాళ్ళు బాకీల పేరు చెప్పి మచిలీపట్నాన్ని ఆక్రమించుకున్నారు. ఆ ఏడాది వాళ్ళ ఉత్తరాలు చదివేటప్పుడు వాళ్ళు ఒక పక్షం అన్నది మరవకూడదు.

రెండు తారీఖుల పట్టిక

1655–56 వ్యవహారం పెట్టి చూడండి. గోల్కొండ మంత్రి మీర్ జుమ్లా గండికోట దాకా కర్ణాటకం గెలిచి, గోల్కొండకు ఎదురు తిరిగి, మొగలులతో మాట కలిపాడు. 1655 నవంబరులో ఆయన కొడుకు మహమ్మద్ అమీన్‌ను అబ్దుల్లా ఖైదు చేశాడు. విడిచిపెట్టమని షాజహాను నుంచి ఆజ్ఞ బయల్దేరింది. అది చేరి, జవాబు రావడానికి తగిన వ్యవధి ఇవ్వకుండానే ఔరంగజేబు సేనను కదిపాడు. ఢిల్లీలో గోల్కొండ రాయబారి ముల్లా అబ్దుల్ సమద్ షాజహాను పెద్ద కొడుకు దారా షికోను పట్టుకుని వ్యవహారం నడిపాడు. ముట్టడి ఎత్తేయమని షాజహాను ఆజ్ఞ వచ్చింది. కోటి రూపాయలు, రాంగీర్ ప్రాంతం, అబ్దుల్లా కూతురికి మహమ్మద్ సుల్తాన్‌తో పెళ్ళి, వీటితో శాంతి కుదిరింది.

ఈ కథలో ఎవరు మాట తప్పారన్నది తేల్చాలంటే ప్రతి కాగితానికీ రెండు తారీఖులు కావాలి, రాసినది ఒకటి, చేరినది ఒకటి. పట్టికలో ఆరు గడులు చాలు: రాసిన రోజు, చేరిన రోజు, ఎవరి నుంచి, ఎవరికి, కాగితం రకం, అసలా నకలా. చేరిన రోజు సాధారణంగా వెనక రాతలోనో, జవాబు మొదటి వాక్యంలోనో దొరుకుతుంది. ఈ పట్టికను చేరిన రోజు వరసలో పేరిస్తే, ఔరంగజేబుకు ఏ రోజున ఏం తెలుసో, ఏం తెలియదో కళ్ళకు కడుతుంది. రాసిన రోజు వరసలో పేరిస్తే ఢిల్లీ ఆలోచన కనిపిస్తుంది. రెండు వరసలూ వేసుకోవాలి. ఒక వరసతో సరిపెట్టుకుని ‘ఆజ్ఞ ఉండగానే దాడి చేశాడు’ అనో ‘ఆజ్ఞ లేకుండానే చేశాడు’ అనో తీర్పు చెప్పిన వ్యాసాలు చాలా ఉన్నాయి.

మొగలు దఫ్తరంలో ‘పేష్‌కష్’ అని ఎక్కిన ఏనుగు పంపినవాళ్ళ పుస్తకంలో ‘తుహ్ఫా’ కావచ్చు. మొదటిది కప్పం, రెండోది కానుక. రెండు మాటలూ దొరికితే రెండూ రాసుకోండి. ఏది నిజమో తేల్చే తొందర వద్దు. ఆ మాటలు కలవకపోవడమే ఆ రెండు కొలువుల మధ్య ఉన్న సంబంధం.

తెలుగు చదవగలిగినవాళ్ళకు ఒక పని ప్రత్యేకంగా మిగిలి ఉంది. కుతుబ్‌షాహీ ఫర్మానాల్లో కొన్ని రెండు భాషల్లో వచ్చాయి. పైన ఫారసీ, కింద తెలుగు. ఫారసీ తెలిసినవాళ్ళు పై సగం అచ్చువేసి ‘కింద తెలుగు అనువాదం ఉంది’ అని వదిలేసిన సందర్భాలున్నాయి. ఆ కింది సగంలో ఊరి పేరు టకారంతో సహా సరిగ్గా ఉంటుంది. ఫారసీలో చుక్కలు లేక తేలని మనిషి పేరు తెలుగులో తేలిపోతుంది. ఫారసీలో ఒక గౌరవ వాచకం ఉన్నచోట తెలుగులో ఏం వాడారో చూస్తే, రాజు తన రైతుకు తనను తాను ఎలా చెప్పుకున్నాడో తెలుస్తుంది. అదే రాజు అదే కాలంలో ఢిల్లీకి అర్జ్‌దాస్తు రాస్తున్నాడు. గొలుసుకట్టు తెలుగు కాబట్టి మొదట కష్టంగా ఉంటుంది. తారీఖు పంక్తితో మొదలుపెట్టండి. సంవత్సరం పేరు, మాసం, తిథి మనకు ముందే తెలిసిన మాటలు, వాటిలోంచి ఆ రాయసగాడి (లేఖకుడి) అక్షరాల పోలిక పట్టుకోవచ్చు. ఆ పోలికతో ఊరి పేరు, తర్వాత మనిషి పేరు, ఆ తర్వాతే మిగిలిన పాఠం.